గవ్వలతిప్ప తీపి నీళ్ళు

జూలై 4

ఈ రోజంతా గుంజలు కడగడంతోనే సరిపోయింది. కొంగలకు వాలడానికి ఇంకెక్కడా చోటు లేనట్టు సోలార్ పలకల మీదే వాలతాయి. రెట్టలతో పలక మూసుకుపోతే గుంజ గొంతు బొంగురుపోతుంది. గొంతు బొంగురుపోతే రైతు వినడు. రైతు వినకపోతే నా మణికట్టు పట్టీ మీద అంకె ఎర్రబడుతుంది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు వ్యవసాయ విస్తరణాధికారిని. విత్తనం, తెగులు, నీళ్ళు, ఏది అడగాలన్నా రైతు నా దగ్గరకే వచ్చేవాడు. తర్వాత పొలానికొక మాట్లాడే గుంజ పాతారు. ఇప్పుడు ఏది అడిగినా గుంజే చెబుతుంది. నన్నేమో సలహా అనుసరణ అధికారి అంటున్నారు. గుంజ చెప్పినట్టు రైతు చేశాడా లేదా చూసి, చేయకపోతే బతిమాలే మనిషినన్నమాట. ఎంతమంది విన్నారన్నదే పట్టీ మీద అంకె.

దీని గురించి నాకు పెద్ద బాధేమీ లేదు. గుంజకు నాకన్నా ఎక్కువ తెలుసు. మట్టిలో చెమ్మ తెలుసు. ఆకు వెనక గుడ్డు పెట్టబోయే సంగతి పురుగు కన్నా ముందు దానికే తెలుసు. సముద్రం దివిసీమ లోపలికి వచ్చేశాక మిగిలిన ఇసుక దిబ్బల మీద ఇంకా వరి పండుతోందంటే అది గుంజల చలవే. అలాంటి దిబ్బల్లో గవ్వలతిప్ప ఒకటి. వారంలో సగం రోజులు పడవ వేసుకుని వచ్చి ఇక్కడే ఉంటాను.

గుంజకు ఎవరికి నచ్చిన గొంతు వాళ్ళు పెట్టుకోవచ్చు. మస్తాన్‌వలి గుంజ క్రికెట్ వ్యాఖ్యానంలా ఊగిపోతూ చెబుతుంది. తిప్ప అంచున ఒంటరిగా సేద్యం చేసుకునే సాంబ్రాజ్యం మాత్రం పాత పెళ్ళి వీడియోలోంచి చనిపోయిన అత్తగారి గొంతు తీయించి పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఎదురు చెప్పలేదమ్మాయ్. ఇప్పుడు చెప్తన్నా. ప్రాణం హాయిగా ఉంది" అంది.

సాయంత్రం ఆవిడే టీ ఇచ్చింది. ఒక్క గుక్క తాగి గ్లాసు దించాను.

"చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా మారినట్టున్నాయి పిన్నీ."

"మారలేదమ్మాయ్. బావి నీళ్ళే అట్టా ఉంటన్నాయి."

జూలై 7

తిప్ప మీద బావులన్నీ చూశాను. అంచున ఉన్నవి ఉప్పెక్కాయి. నడుమ ఉన్నవి ఇంకా తియ్యగానే ఉన్నాయి.

ఇసుక కింద ఉన్నదంతా సముద్రపు నీరే. వాన నీరు దాని మీద పాల మీద మీగడలా తేలుతుంది. ఆ మీగడే మా తీపి నీళ్ళు. తాగడానికి అవే, నారుకు అవే, వరి పూతకొచ్చినప్పుడూ అవే. మా రకం వరి మిగతా రోజుల్లో కొంత ఉప్పును తట్టుకుంటుంది. లేత నారు, పూత మాత్రం ఓర్చుకోలేవు. ఈ ఏడు వానలు రాలేదు. మీగడ పలచబడింది.

అంతవరకు ఏటా ఉండేదే. ఈసారి కొత్త సంగతి ఇంకొకటి ఉంది. సాంబ్రాజ్యం గుంజ ఇలా అంటోంది: "నీళ్ళు ఉప్పెక్కుతున్నాయే. ఇప్పుడే తోడి గుంట నింపుకో. ఆలస్యం చేస్తే నీకే నష్టం." మస్తాన్‌వలి గుంజ కూడా అదే మాట హుషారుగా చెబుతోంది. తిప్ప మీద ప్రతి గుంజదీ అదే పాట. అందరూ మోటార్లు వేసి గుంటల్లోకి తోడేస్తున్నారు. గుంటల్లో నీళ్ళు ఎండకు ఆవిరైపోతున్నాయి. ఎంత తోడితే అంత ఉప్పు పైకొస్తోంది. ఎంత ఉప్పొస్తే గుంజ అంత తొందరపెడుతోంది.

నా పట్టీ మీద అంకె మాత్రం పచ్చగా మెరిసిపోతోంది. ఇంతమంది ఇంత బుద్ధిగా సలహా విన్న నెల నా ఉద్యోగంలోనే లేదు.

మస్తాన్‌వలి పొలంలో నిలబడి గుంజనే అడిగాను. "తిప్ప మొత్తానికీ కలిపి ఏం చేస్తే మంచిది?"

"మీరు ఏ పొలం గురించి అడుగుతున్నారో చెప్పండి," అంది గుంజ.

"అన్ని పొలాల గురించీ."

"మీరు ఏ పొలం గురించి అడుగుతున్నారో చెప్పండి."

మస్తాన్‌వలి నా వంక జాలిగా చూశాడు. "దానికి ఎవరి పొలం వాళ్ళదే మేడమ్ గారూ. మాలాగే."

జూలై 8

జోనల్ అధికారి విద్యాసాగర్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన మంచి మనిషి. ఓపిగ్గా విన్నారు.

"ప్రతి సలహా కరెక్టే కదా నాగసుధ గారూ. ఏ రైతుకు ఆ రైతు విషయంలో."

"కరెక్టే సార్. అన్నీ కలిపితే తప్పవుతోంది."

"తిప్ప పేరు మీద ఖాతా లేదు కదా. ఖాతా లేనిదానికి గుంజ ఎలా చెబుతుంది? పైకి రాస్తాను. వచ్చే సీజను నాటికి ఏదైనా మార్పు చేయొచ్చు." గొంతు తగ్గించారు. "మీరు మాత్రం సలహాకు అడ్డు చెప్పకండి. తిప్పల మీద అధికారులు అవసరమా కాదా అని ఇక్కడ లెక్కలు తీస్తున్నారు. మీ అంకె బాగుంది. పాడుచేసుకోకండి."

వచ్చే సీజను దాకా ఈ మీగడ ఉండదు. తిప్ప మీది జనం నీళ్ళ డ్రమ్ములు పట్టుకుని పడవల కోసం ఎదురుచూసే రోజు కళ్ళ ముందు కదిలింది. సగం మంది తట్టుకోలేక ఊరొదిలేస్తారు. పక్కన ఉండే కాకులతిప్ప అలాగే ఖాళీ అయింది. అక్కడి గుంజలు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయంటారు.

జూలై 11

అందరినీ కూర్చోబెట్టాలంటే ముందు సైకం వీరాంజనేయులు గారు రావాలి. తిప్పకు సరిగ్గా నడుమ ఆయన పొలం. అందరికన్నా పెద్ద మోటారు ఆయనదే. ఆయన నడుమ తోడుతుంటే అంచులు ఉప్పెక్కుతాయి. కానీ ఉప్పు అందరికన్నా చివర చేరేది ఆయన బావికే. అందుకని ఆయనకు తొందరేమీ లేదు. తిప్ప మీద మొదటి గుంజ పాతించుకున్నది కూడా ఆయనే. దానికి గొంతు మార్చలేదు. సర్కారు ఇచ్చిన గొంతు సర్కారుదిలాగే ఉండాలంటారు.

"గుంజ తప్పు చెప్పదమ్మా," అన్నారు, మోటారు చప్పుడు మధ్య గట్టిగా. "చెప్పిన రోజున నన్ను అడుగు."

"తప్పు చెప్పిందనట్లేదు బాబాయ్ గారూ. నాతో ఒక్కసారి నడుస్తారా? ఊరికే."

"ఎక్కడికి?"

"మంచినీళ్ళు తాగడానికి."

ఆయన నవ్వి కండువా భుజాన వేసుకున్నారు. సాంబ్రాజ్యం బావి దగ్గర మొదలుపెట్టాం. ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశారు. "సముద్రం పక్కన బావి. ఇంకెట్టా ఉంటది?" అన్నారు. అక్కడి నుంచి లోపలికి నడుస్తూ ప్రతి బావి దగ్గరా ఆగాం. మస్తాన్‌వలి బావి దగ్గర రెండోసారి దోసిలి పట్టారు. ఆ తర్వాతి బావి దగ్గర నీళ్ళు చాలాసేపు పుక్కిట్లో పట్టుకున్నారు. చివరిది ఆయన గట్టుకు ఆనుకుని ఉన్న తమ్ముడి బావి. ఆ నీళ్ళలో ఉప్పు తెలియాలంటే శ్రద్ధగా రుచి చూడాలి. ఆయన శ్రద్ధగానే చూశారు.

గట్టు మీద కూర్చుని మూతి తుడుచుకున్నారు. ఆయన మోటారు అవతల హోరుమంటూనే ఉంది.

"ఈ బావి నీళ్ళు పోసే మా అమ్మ మా అందరికీ తలంటేది," అన్నారు. "సబ్బు నురుగు తెగ వచ్చేది." ఇంటికి పోతూ మోటారు ఆపేశారు.

"నీళ్ళు తోడటం ఆగిపోయింది. దయచేసి కొనసాగించండి," అంది ఆయన గుంజ.

జూలై 13

తుఫాను షెల్టర్‌లో మీటింగు. ముందు అరుపులు. అరుపులయ్యాక టీ. ఆ టీ కూడా ఉప్పగానే ఉండడంతో మాటలు తొందరగా దారిలో పడ్డాయి.

తేలింది ఇది: తాగే బావికి మొదటి హక్కు. తర్వాత నారుమళ్ళకు. మిగిలింది పొలాలకు వంతులవారీగా. ఒకరి మోటారు ఆడుతుంటే ఇంకొకరిది ఆడకూడదు. గుంటలు నింపడం బంద్. వంతు తప్పితే ఏం చేయాలని ఎవరో అడిగారు. సాంబ్రాజ్యం ఆ పని తను చూసుకుంటానంది. ఎలా చూసుకుంటుందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సాయంత్రానికి నా పట్టీ ఎర్రబడింది. అంత ఎరుపు ఉంటుందని నాకు తెలియదు.

జూలై 25

అందరూ గుంజలతో పోట్లాడుతున్నారు. పొలాల మధ్య నడుస్తుంటే చెవులకు పండగ. "ఇప్పుడు కాదని చెప్పానా," "నా వంతు శుక్రవారం, అప్పుడు మాట్టాడు," "నోర్ముయ్ అత్తా."

ఈ రోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ మస్తాన్‌వలి మోటారు ఆడింది. అది నిమిషం ఆడిందో లేదో, సాంబ్రాజ్యం వెళ్ళి ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుని వచ్చేసింది. అతను తలపట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"గుంజ చివరి ఓవర్ అంటంది మేడమ్ గారూ. కొడితే ఇప్పుడే కొట్టాలంటంది. పొద్దున్నుంచీ అదే పోరు. మనిషన్నాక ఊగిపోడా?"

"గొంతు మార్చుకో మస్తాన్ అన్నా."

మార్చుకున్నాడు. ఇప్పుడతని గుంజ రైల్వే స్టేషన్‌లో ప్రకటనలా చెబుతోంది. ఏ రైలూ టైముకు రాదన్న అనుభవం ఉంది కాబట్టి నిదానంగా ఉన్నాడు. ఫ్యూజు మాత్రం అతని వంతు వచ్చేదాకా ఇవ్వనంటోంది సాంబ్రాజ్యం.

తాగే బావి నిలకడగా ఉంది. ఉప్పు తగ్గలేదు. పెరగనూ లేదు.

ఆగస్టు 16

వాన లేదు. మబ్బులు వచ్చి మా మొహాలు చూసి పోతున్నాయి.

పొలాలన్నిటికీ వంతులు పెడితే పూత నాటికి ఎవరికీ సరిపడా నీళ్ళుండవు. కొన్ని పొలాలను వదిలేయాలి. ఏవి వదలాలన్న మాట రాగానే షెల్టర్‌లో అందరూ తలలు దించుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే తలెత్తి నా వైపు చూశారు. గుంజలు వచ్చాక ఆ చూపు నా మీద పడి ఎన్నేళ్ళయిందో. అప్పట్లో ఆ చూపంటే ఇష్టంగా ఉండేది. ఈ రోజు లేచి పడవెక్కి పారిపోవాలనిపించింది.

సమాధానం నాకు తెలుసు. అంచు పొలాల మట్టి ఇప్పటికే ఉప్పు పట్టింది. అక్కడ పోసిన నీళ్ళు పూతను కాపాడలేవు. లోపలి పొలాలకు పోస్తే గింజ కడుతుంది. అంచున ఇంకా సాగులో ఉన్న పొలం ఒక్కటే. అది సాంబ్రాజ్యానిది.

మొదటి రోజు నుంచీ నా వెనక నిలబడిన మనిషి. ఫ్యూజులు పీకి వంతులు నిలబెట్టిన మనిషి.

రేపు చెబుతానని మీటింగు ముగించాను. ఆవిడకు ముందు విడిగా చెప్పాలి. అందరి ముందు కాదు.

ఆగస్టు 17

సాంబ్రాజ్యం గట్టు మీద కూర్చుని చేపలు తోముతోంది. పక్కన కూర్చున్నాను. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. వాన గురించి మాట్లాడాను. చేపల రేటు గురించి మాట్లాడాను.

"నా పొలమే కదమ్మాయ్," అంది తల ఎత్తకుండా.

"అవును పిన్నీ."

"నీళ్ళు పెట్టినా రాదా?"

"రాదు. వస్తుందని చెప్పగలిగితే ఎంత బాగుండునో."

చేపను తిప్పి రెండో వైపు తోమింది. "నేను గాని ఆ రోజు వంతులకి ఒప్పుకోకపోయుంటే?"

"నీ పొలం ముందే పోయేది. దాని వెనకే మిగతావాళ్ళవీ పోయేవి."

"మరి ఒప్పుకున్నా పోతందిగా."

వెనకటికైతే ఏదో ఒక పథకం పేరు చెప్పేదాన్ని. ఈసారి చెప్పలేదు. ఆవిడ పనంతా అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. మా ఇద్దరి ముందూ పైరు మోకాలెత్తున, ఇంకా పచ్చగా ఉంది. గుంజ అత్తగారి గొంతుతో నీళ్ళు పెట్టమని పోరుతూనే ఉంది. సాంబ్రాజ్యం లేచి వెళ్ళి దాని పలక ఊడదీసింది. సగం మాటలో గొంతు ఆగిపోయింది. పలక తెచ్చి ఎండలో పరిచి, తోమిన చేపలు దాని మీద వరసగా ఆరేసింది.

"వేడి బాగా పట్టుద్ది," అంది. అప్పుడు కొంగుతో మొహం కప్పుకుంది. చాలాసేపు తీయలేదు.

ఆగస్టు 18

మీటింగులో నేను నోరు తెరవకముందే ఆవిడ లేచింది. "నా పొలం చెక్క వదిలేత్తన్నా. నా వంతు నీళ్ళు ఎవరెవరికి ఎంతన్నది మేడమ్ చెప్పుద్ది," అని కూర్చుంది.

కాసేపటికి వీరాంజనేయులు గారు గొంతు సవరించుకున్నారు. "నడుమ నా పొలంలో తూరుపు వైపు మడి సాంబ్రాజ్యం కోసుకుంటది. ఈ పంటా, వచ్చే పంటా. ఇది నేనిచ్చేది కాదు. ఆవిడ నీళ్ళే అందులో పారతన్నాయి." మస్తాన్‌వలి తన పొలంలోనూ ఒక మడి అన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు.

"అన్ని మడులు కొయ్యడానికి నాకు చేతులెక్కడున్నాయి," అంది సాంబ్రాజ్యం విసుగ్గా. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కానీ వద్దనీ అనలేదు.

సెప్టెంబర్ 3

విద్యాసాగర్ గారు పడవలో వచ్చారు. ఒడ్డుకు దిగుతుంటే బూటు బురదలో ఇరుక్కుపోయింది. ఒక కాలికి బూటుతో, ఇంకో కాలికి మేజోడుతోనే విచారణ జరిపారు.

"ఒక ఊరు ఊరంతా సలహా వినడం మానేసిందంటే గుంజలు చెడిపోయాయేమో అనుకున్నాం. పరీక్ష చేయించాం. బాగానే ఉన్నాయి. మీరేం చేశారు?"

"కూర్చోబెట్టాను సార్."

"అంతేనా?"

"ఒకరికి పంట పోతుందని చెప్పాను."

ఆయన బావులు చూశారు. పూతకొచ్చిన పొలాలు చూశారు. ఎండిపోయిన సాంబ్రాజ్యం పొలం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. పోతూ, సలహాకు అడ్డుపడినందుకు సంజాయిషీ నోటీసు చేతిలో పెట్టారు. ఇవ్వక తప్పదన్నారు. జవాబు నిదానంగా రాయమన్నారు. "ఎంత నిదానంగా అయినా ఫర్వాలేదు," అని రెండోసారి కూడా అన్నారు.

సెప్టెంబర్ 19

వాన. రాత్రి మొదలై పొద్దెక్కేదాకా ఆగలేదు. మస్తాన్‌వలి గొడుగు చేతిలో ఉండి కూడా తెరవకుండా తిరిగాడు. పూత నిలిచింది.

అక్టోబర్ 22

కోతలకు మనుషులు దిగారు. సాంబ్రాజ్యం నడుమ పొలంలో తూరుపు మడి కోస్తూ, కొడవలి పట్టుకోవడం రాదని వీరాంజనేయులు గారిని ఆయన సొంత పొలంలోనే తిడుతోంది. ఆయన తలూపుతూ కోస్తున్నారు. తను వేసిన పైరు కాదు కాబట్టి దిగుబడి గురించి మాట్లాడనంటుంది. తన చెక్కలో ఉప్పు కడిగిపోవడానికి ఇంకెన్ని వానలు కావాలని మాత్రం రోజూ అడుగుతుంది. ఇంకో ఏడాది పట్టొచ్చని ఉన్నమాటే చెబుతున్నాను.

మధ్యాహ్నం పీతలలంక అనే ఇంకో దిబ్బ నుంచి పడవ వచ్చింది. అందులో ముగ్గురు ఆడవాళ్ళు, ఒక సీసా. సీసాలో వాళ్ళ తాగే బావి నీళ్ళు. రుచి చూశాను. మా జూలై నెల రుచి. పీతలలంక నా పరిధి కాదు. సంజాయిషీ ఇంకా రాయనే లేదు. ఎల్లుండి వస్తానన్నాను.

అక్టోబర్ 24

పొద్దున్నే పడవ విప్పుతుంటే సాంబ్రాజ్యం వచ్చి ఎక్కి కూర్చుంది. ఉతికిన చీర, చేతిలో టిఫిన్ క్యారియర్.

"ఎక్కడికి పిన్నీ?"

"నువ్వెక్కడికో అక్కడికి. నాకిప్పుడు పొలం పని లేదుగా."

పాయలో కొంత దూరం పోయాక అడిగింది. "అక్కడ ఎవరి పొలం ఆపాలో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్పాలి. అది నా పని."

"చెప్పు. నీ మీద అరుత్తారు. అరిచాక నన్ను చూపించు. నేనేం మాట్టాడక్కర్లేదు. పంట వదులుకున్న మనిషి ఎట్టా ఉంటదో వాళ్ళు చూడాలిగా. అన్నం తింటదా, నిద్రపోద్దా, ఇరుగుపొరుగుతో మాట్టాడుద్దా, అవన్నీ అడుగుతారు. నీకేం తెలుసు చెప్పడానికి?"

నాకు తెలియదని ఒప్పుకున్నాను.

పీతలలంక ఒడ్డున జనం నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక పొలాల్లో గుంజలన్నీ ఒకేసారి ఏదో చెబుతున్నాయి. ఒడ్డు దగ్గరపడగానే ఇంజను ఆపాను. సాంబ్రాజ్యం చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నాకన్నా ముందు నీళ్ళలోకి దిగింది.